సరిహద్దు దాటిన బంతి – 4: ఒక్క ఓటు, పదమూడేళ్ల అరణ్యవాసం

కిందటి భాగాన్ని బెల్‌ఫాస్ట్ సెల్టిక్ దగ్గర ఆపాం. 1948 డిసెంబరు 27న విండ్సర్ పార్కులో లిన్‌ఫీల్డ్‌తో మ్యాచ్ ముగిసీ ముగియగానే జనం మైదానంలోకి దూకి, సెల్టిక్ గోల్‌వీరుడు జిమ్మీ జోన్స్ కాలు విరగ్గొట్టారు. పద్నాలుగు సార్లు లీగు గెలిచిన ఆ క్లబ్బు ఆ సీజన్ చివర శాశ్వతంగా తప్పుకుంది. అంతకు చాలా ముందే, 1921లో దేశం రెండు ముక్కలవుతున్న రోజుల్లో, ఐర్లండ్ ఫుట్‌బాల్ కూడా చీలిపోయింది. బెల్‌ఫాస్ట్‌లో ఒక సంఘం, డబ్లిన్‌లో మరో సంఘం. చెరో లీగు, చెరో కప్పు.

ఈ భాగంలో కథ వాయవ్యానికి, ఫాయిల్ నది ఒడ్డుకు మారుతుంది. అక్కడి క్లబ్బు కూడా ఉత్తరాది లీగు నుంచి బయటికి రావాల్సి వచ్చింది. అయితే సెల్టిక్‌లా అంతరించిపోలేదు. పదమూడేళ్లు ఓపిక పట్టి, సరిహద్దు అవతలి దేశపు లీగులో చేరి, ఈనాటికీ అక్కడే ఆడుతోంది. ఆ క్లబ్బు పేరు డెర్రీ సిటీ.

కోటగోడల కింద

డెర్రీ ఉత్తర ఐర్లండ్‌లో రెండో పెద్ద నగరం. బ్రిటన్ ఏలుబడిలోనిది. కానీ ఊరి పడమటి చివర కారెక్కితే పది నిమిషాల్లో ఐర్లండ్ రిపబ్లిక్‌లోని డోనెగల్ కౌంటీలో ఉంటాం. విభజన గీత గీసిన రోజున డెర్రీ తన వెనక ఉన్న పల్లెల్ని పోగొట్టుకుంది. నిన్నటిదాకా సంతకొచ్చిన రైతు మర్నాటి నుంచి పరదేశి.

పదిహేడో శతాబ్దం మొదట్లో లండన్ వర్తక సంఘాల సొమ్ముతో లేచిన కోటగోడలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. 1689లో కాథలిక్ రాజు జేమ్స్ సైన్యం ముట్టడిస్తే 105 రోజులు తలుపులు తీయకుండా ఆకలితో పోరాడిన ప్రొటెస్టెంట్ల జ్ఞాపకం ఆ గోడలది. ఆ గోడల కింది పల్లంలో, ఒకప్పటి బురదనేల మీద, కాథలిక్ పేదల పేట బాగ్‌సైడ్ ఉంది. దాన్ని ఆనుకుని దక్షిణాన బ్రాండీవెల్. ఫుట్‌బాల్ మైదానం ఉన్నది అక్కడే.

ఊళ్లో కాథలిక్కులే ఎక్కువ. కార్పొరేషన్ మాత్రం దశాబ్దాల పాటు బ్రిటన్ పక్షపాతులైన యూనియనిస్టుల చేతిలోనే ఉండిపోయింది. కాథలిక్కుల్ని చాలామందిని ఒకే పెద్ద వార్డులో కుక్కి, మిగతా రెండు వార్డులూ యూనియనిస్టులు గెలిచేలా సరిహద్దులు గీశారు. పైగా స్థానిక ఎన్నికల్లో ఓటు ఇల్లున్నవాళ్లకే. కాథలిక్ కుటుంబానికి ఇల్లిస్తే ఓటిచ్చినట్టే కాబట్టి, ఎక్కడ పడితే అక్కడ ఇళ్లు ఇచ్చేవారు కాదు. ఒకే ఇంట్లో రెండు మూడు కుటుంబాలు కాపురం ఉండేవి.

ఊరి అన్నం చొక్కాల ఫ్యాక్టరీలది. ఇక్కడి టిల్లీ కంపెనీ గురించి కార్ల్ మార్క్స్ తన ‘పెట్టుబడి’ గ్రంథంలో ప్రస్తావించాడు. ఫ్యాక్టరీలో వెయ్యి మంది, చుట్టుపక్కల ఇళ్లలో కుట్టే మరో తొమ్మిది వేల మంది దాని కోసం పనిచేసేవారని రాశాడు. పని చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. పొద్దున్నే సైరన్ మోగితే గుంపులు గుంపులుగా వాళ్లు కొండ దిగి వెళ్లేవారు. మగవాళ్లకు పని దొరకడం కష్టం. చాలా ఇళ్లలో జీతం తెచ్చేది తల్లి, పిల్లల్ని చూసేది తండ్రి. వారమంతా పనిలేని ఆ మగవాళ్లకు శనివారం మధ్యాహ్నం మైదానానికి వెళ్లడం ఎంత పెద్ద సంగతో ఊహించుకోవచ్చు.

క్లబ్బు 1928లో పుట్టింది. మరుసటి ఏడాది ఉత్తరాది లీగు అయిన ఐరిష్ లీగులో చేరింది. ఊళ్లో అంతకు ముందు డెర్రీ సెల్టిక్ అనే జట్టు ఉండేది. ఆ పేరు మళ్లీ పెడితే ఒక మతం క్లబ్బు అన్న ముద్ర పడుతుందని స్థాపకులు వద్దనుకున్నారు. ఊరందరి క్లబ్బుగా ఉండాలన్నది వాళ్ల పట్టుదల. చాలా ఏళ్లు అలాగే ఉంది కూడా. జట్టులో, ప్రేక్షకుల్లో రెండు మతాల వాళ్లూ ఉండేవారు. మైదానం కార్పొరేషన్‌ది, క్లబ్బుది అద్దె మాత్రమే. పిచ్ చుట్టూ గ్రేహౌండ్ కుక్కల పందేల ట్రాక్ ఉండేది. 1932లో మేనేజర్‌గా వచ్చిన బిల్లీ గిలెస్పీ, ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ యునైటెడ్ కెప్టెన్‌గా 1925 ఎఫ్‌ఏ కప్పు అందుకున్నవాడు. ఆయన పాత క్లబ్బు ఎరుపు, తెలుపు నిలువుచారల చొక్కా డెర్రీకీ వచ్చింది. ఆ చారల వల్లే జట్టుకు ‘క్యాండీస్ట్రైప్స్’ అనే ముద్దుపేరు. ఈనాటికీ అదే చొక్కా.

1965: ఒకే ఏడాది రెండు అవమానాలు

ఐరిష్ కప్పు 1949లో, 1954లో, 1964లో గెలిచారు. 1954 ఫైనల్ తేలడానికి మూడు మ్యాచులు పట్టాయి. లీగు మాత్రం అందకుండా ఊరించి, చివరికి 1964–65లో చేతికొచ్చింది. దాంతో యూరోపియన్ కప్పులో ఆడే హక్కు లభించింది.

ఆ ఏడాది నార్వే జట్టు లిన్‌తో పోటీ. ఓస్లోలో 5–3 తేడాతో ఓడిపోయారు. బ్రాండీవెల్‌లో 5–1తో గెలిచి లెక్క సరిచేశారు. ఐరిష్ లీగు క్లబ్బు ఒకటి యూరప్ పోటీలో ఒక దశ దాటడం అదే మొదటిసారి. తర్వాతి ప్రత్యర్థి బెల్జియంకు చెందిన ఆండర్‌లెక్ట్. అప్పుడు బెల్‌ఫాస్ట్‌లోని సంఘం బ్రాండీవెల్ అంతర్జాతీయ ప్రమాణాలకు తగినట్టు లేదని తేల్చింది. కొద్ది వారాల కిందట నార్వే జట్టు ఆడి వెళ్లిన మైదానమే అది! డెర్రీ జనానికి అందులో మతం వాసన కొట్టింది. బ్రస్సెల్స్‌లో 9–0తో చిత్తుగా ఓడారు. రెండో మ్యాచ్ జరగనే లేదు.

అదే ఏడాది ఇంకో దెబ్బ. ఉత్తర ఐర్లండ్‌కు రెండో విశ్వవిద్యాలయం మంజూరైంది. డెర్రీలో అప్పటికే ఒక పాత కళాశాల ఉంది, ఊరు పెద్దది, కాబట్టి తమకే వస్తుందని ఆశపడ్డారు. ప్రభుత్వం దాన్ని ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్న చిన్న పట్టణం కోల్‌రేన్‌కు ఇచ్చింది. డెర్రీకి విశ్వవిద్యాలయం కావాలన్న ఉద్యమానికి ముందు నిలిచినవాడు జాన్ హ్యూమ్ అనే యువ ఉపాధ్యాయుడు. కాథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ కలిసి బారులు తీరిన కార్లలో బెల్‌ఫాస్ట్ అసెంబ్లీ దాకా వెళ్లి అడిగారు. ఫలితం లేకపోయింది. ఈ హ్యూమ్‌ను, ఈ కోల్‌రేన్‌ను గుర్తుపెట్టుకోండి. రెండు పేర్లూ మళ్లీ వస్తాయి.

బస్సు తగలబడిన రోజు

1968 అక్టోబరు 5న డ్యూక్ స్ట్రీట్‌లో పౌర హక్కుల ఊరేగింపు మీద పోలీసులు లాఠీలతో విరుచుకుపడ్డారు. టెలివిజన్ కెమెరా ముందే తలలు పగిలాయి. అక్కడి నుంచి నాలుగేళ్ల పాటు డెర్రీ చరిత్ర ఒక్క నెల కూడా నిలకడగా లేదు. ఆ చరిత్రకు మొదట బలైనవాటిలో శనివారం ఆట ఒకటి.

1969 జనవరిలో లిన్‌ఫీల్డ్ బ్రాండీవెల్‌కు వచ్చింది. బెల్‌ఫాస్ట్ ప్రొటెస్టెంట్ కార్మికుల ప్రాణం లాంటి క్లబ్బు అది. స్టాండ్స్‌లో గొడవ ముదిరి, విరామ సమయంలోనే లిన్‌ఫీల్డ్ అభిమానుల్ని పోలీసులు బయటికి తరలించారు. ఆ తర్వాత లిన్‌ఫీల్డ్ అక్కడ అడుగు పెట్టనంది. ఆగస్టులో బాగ్‌సైడ్ జనానికీ పోలీసులకూ మూడు రోజులు వీధియుద్ధం. 14న బ్రిటిష్ సైన్యం దిగింది. బాగ్‌సైడ్, బ్రాండీవెల్ పోలీసులు అడుగుపెట్టలేని ‘స్వేచ్ఛా డెర్రీ’ అయ్యాయి. ఫుట్‌బాల్ మైదానం సరిగ్గా దాని నడుమ చిక్కుకుంది.

1971 ఆగస్టులో విచారణ లేకుండా నిర్బంధించడం మొదలైంది. ఊరు భగ్గుమంది. సెప్టెంబరులో ఆడటానికి వచ్చిన బాలిమెనా యునైటెడ్ జట్టు బస్సును స్థానిక కుర్రాళ్లు లాక్కెళ్లి తగలబెట్టారు. బాలిమెనా ఆటగాళ్ల భయాన్ని కొట్టిపారేయలేం. ఆట ఆడి ఇంటికి వెళ్దామని వచ్చినవాళ్లు వాళ్లు. బస్సు తగలబెట్టినవాళ్లు తమ ఊరి క్లబ్బు మీదే నిప్పు వేశారని చెప్పక తప్పదు. పోలీసులు బ్రాండీవెల్ క్షేమం కాదన్నారు. మిగతా క్లబ్బులు రామన్నాయి. డెర్రీ తన ‘సొంత’ మ్యాచుల్ని యాభై కిలోమీటర్ల దూరంలో ఆడుకోవాల్సి వచ్చింది. ఎక్కడో తెలుసా? కోల్‌రేన్‌లో.

విశ్వవిద్యాలయం పోయిన ఊరికే ఇప్పుడు ఫుట్‌బాల్ కూడా పోయింది. ఉద్యోగం లేని మనిషి బస్సు చార్జీ పెట్టుకుని, దారిలో సైనికుల తనిఖీలు దాటుకుని, ఎవరి ఊళ్లోనో తన జట్టు సొంత మ్యాచ్ ఎందుకు చూస్తాడు? టికెట్ల రాబడి పడిపోయింది. 1972 జనవరి 30, ఆదివారం. బాగ్‌సైడ్‌లో ఊరేగింపు మీద బ్రిటిష్ పారాట్రూపర్లు కాల్పులు జరిపి 13 మందిని చంపారు, గాయపడినవారిలో ఇంకొకరు తర్వాత చనిపోయారు. చచ్చినవాళ్లంతా మైదానం చుట్టుపక్కల వీధులకు తెలిసినవాళ్లే.

జూలై చివర సైన్యం పెద్ద ఎత్తున దిగి ‘స్వేచ్ఛా డెర్రీ’ అడ్డుగోడల్ని తొలగించింది. అక్టోబరుకు భద్రతా దళాలే మళ్లీ పరిశీలించి, బ్రాండీవెల్‌లో ఆడుకోవచ్చని నిషేధం ఎత్తేశాయి. క్లబ్బు ఊపిరి పీల్చుకుంది. సొంత మైదానానికి తిరిగి వెళ్తామని లీగును అడిగింది. నిర్ణయం తోటి క్లబ్బుల చేతిలో ఉంది. ఓటింగ్ పెట్టారు. డెర్రీ ప్రతిపాదన ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది.

1972 అక్టోబరు 13, శుక్రవారం నాడు డెర్రీ సిటీ లీగు నుంచి తప్పుకుంది.

భయపడ్డ క్లబ్బుల్ని దుర్మార్గులనడం నాకు ఇష్టం లేదు. ఆ ఏడాది ఉత్తర ఐర్లండ్‌లో దాదాపు ఐదు వందల మంది హింసకు బలయ్యారు. ఎవరికైనా భయం ఉంటుంది. కానీ భద్రత చూడాల్సినవాళ్లే భయం లేదని చెప్పాక కూడా కాదనడంలో భయం కన్నా మరేదో ఉంది. సాటి క్లబ్బు ఒకటి చచ్చిపోతుందని తెలిసీ చెయ్యి ఎత్తకపోవడం అది. డెర్రీ ముందు ఇంకో దారి లేకపోలేదు. కోల్‌రేన్‌లోనే ఆడుతూ, ఖాళీ స్టాండ్స్ ముందు కొన్నాళ్లు బతుకు ఈడ్చవచ్చు. అలా చేయలేదు. ఆ మొండితనమే ఈ కథకు వెన్నెముక.

దక్షిణం వైపు చూపు

పాండవులకు పన్నెండేళ్లు అరణ్యవాసం, ఒక ఏడాది అజ్ఞాతవాసం. డెర్రీకీ సరిగ్గా పదమూడేళ్లే. చారల చొక్కా మాత్రం మాయమవలేదు. శనివారం పొద్దుటి లీగు అనే చిన్న స్థానిక పోటీలో అది కనబడుతూనే ఉంది. బ్రాండీవెల్‌లో కుక్కలు పరుగెత్తుతూనే ఉన్నాయి. సీనియర్ ఫుట్‌బాల్ మాత్రం లేదు. క్లబ్బు మళ్లీ మళ్లీ ఐరిష్ లీగుకు అర్జీ పెట్టింది. ప్రతిసారీ సొంత మైదానం అన్న గడిలో బ్రాండీవెల్ అనే రాసింది. ప్రతిసారీ అర్జీ తిరిగొచ్చింది. మైదానం పేరు మార్చి రాస్తే పని అయ్యేదేమో. ఎవరూ మార్చలేదు.

ఈలోపు ఊరి ఆట దాహం ఎక్కడ తీరింది? సరిహద్దు దాటి నలభై యాభై కిలోమీటర్లు వెళ్తే డోనెగల్‌లో బాలీబోఫే అనే చిన్న పట్టణం. అక్కడి ఫిన్ హార్ప్స్ 1969లోనే దక్షిణాది లీగులో చేరింది. డెర్రీ అభిమానులు ఆదివారాలు అటు వెళ్లడం మొదలుపెట్టారు, ఆటగాళ్లు కూడా. హార్ప్స్ 1974లో డబ్లిన్ సంఘం నడిపే ఎఫ్‌ఏఐ కప్పు గెలిచినప్పుడు ఫైనల్లో రెండు గోల్స్ కొట్టిన బ్రెండన్ బ్రాడ్లీ డెర్రీలో పుట్టినవాడే. ఆయన 235 గోల్స్ రికార్డు ఆ లీగులో ఈనాటికీ ఎవరూ అందుకోలేదు. తమ పిల్లలు పరాయి చొక్కాలో గెలుస్తుంటే డెర్రీ జనం గర్వపడ్డారు, లోలోపల కుమిలిపోయారు. దక్షిణాన ఆడటం సాధ్యమేనన్న ఆలోచన కూడా ఆ ప్రయాణాల్లోనే మొలకెత్తి ఉండాలి.

దాన్ని పట్టాలెక్కించినవాళ్లు నలుగురు మాజీ ఆటగాళ్లు: టెర్రీ హార్కిన్, టోనీ ఓడొహర్టీ, ఈమన్ మెక్‌లాక్‌లిన్, ఎడ్డీ మహోన్. ఊరు వాళ్లకు ‘నలుగురి ముఠా’ అని పేరు పెట్టింది. వాళ్ల దగ్గర డబ్బు లేదు, పదవి లేదు. ఉన్నది చొరవ. వాళ్లకు కాలం కూడా కలిసొచ్చింది. డబ్లిన్ లీగు 1985లో రెండు అంచెలుగా విస్తరించాలనుకుంది. పైన ప్రీమియర్ డివిజన్‌లో 12, కింద ఫస్ట్ డివిజన్‌లో 10, మొత్తం 22 క్లబ్బులు కావాలి. ఇంగ్లండ్ ఆట టెలివిజన్‌లో చూడటానికి అలవాటు పడ్డ దక్షిణాది ప్రేక్షకులు మైదానాలకు రావడం తగ్గింది. పదమూడేళ్లుగా ఆకలితో ఉన్న ఒక పెద్ద ఊరు తలుపు తడితే వద్దనే స్థితిలో డబ్లిన్ లేదు. రెండువైపులా అవసరమే పెళ్లి కుదిర్చింది.

అయితే తలుపు తీయడానికి డబ్లిన్ ఒక్కటే సరిపోదు. ఒక సంఘం పరిధిలోని క్లబ్బు ఇంకో సంఘం లీగులో ఆడాలంటే పాత సంఘం ఒప్పుకోవాలి, పైన ఫిఫా అనుమతించాలి. 1972లో చెయ్యి వదిలేసిన బెల్‌ఫాస్ట్ ఈసారి అడ్డం రాలేదు. వెళ్లనిచ్చింది. ఆ రోజుల్లో అలాంటి ఒప్పుకోలు దొరకడం చిన్న విషయం కాదు. జాన్ హ్యూమ్ అప్పటికి పార్లమెంటు సభ్యుడు, దేశాల మధ్య రాయబారాలు నడిపే నాయకుడు. ఊరి క్లబ్బుకు వీరాభిమాని. ఆయన పలుకుబడి కూడా క్లబ్బు వెనక నిలిచింది. తర్వాత క్లబ్బు గౌరవ అధ్యక్షుడయ్యాడు.

1985 సెప్టెంబరు 8. ఆదివారం. లీగ్ కప్పులో డబ్లిన్ జట్టు హోమ్ ఫార్మ్ వచ్చింది. ఉత్తరాది లీగులో అప్పట్లో ఆదివారం ఆట నిషిద్ధం. దక్షిణాన అప్పుడు ఆదివారమే ఆట రోజు. ఆ ఒక్క మార్పుతోనే పదమూడేళ్ల కిందటి లోకం వెనక్కి పోయిందని ఊరికి అర్థమై ఉంటుంది. పొద్దున చర్చి, మధ్యాహ్నం బ్రాండీవెల్. డెర్రీ 3–1తో గెలిచింది.

స్టాండ్స్ వేల మందితో నిండాయి. తొలి సీజన్ జట్టులో దక్షిణాఫ్రికా నుంచి ఓవెన్ డా గామా, బ్రెజిల్ నుంచి నెల్సన్ డా సిల్వా ఉన్నారు. సైనికుల్ని తప్ప బయటి మనుషుల్ని అంతగా చూడని ఆ వీధుల్లో పిల్లలు వాళ్ల వెంట పడేవారు. పోలీసు సంగతి ఏమిటి? బ్రాండీవెల్‌లో ఆనాటి పోలీసులు కాలు పెడితే చాలు గొడవ రేగేది. అందుకని ఐరోపా ఫుట్‌బాల్ సమాఖ్య ప్రత్యేక అనుమతితో, పోలీసులు లేకుండానే, క్లబ్బు కార్యకర్తలే జనాన్ని అదుపు చేశారు. బస్సు తగలబడిందని మైదానం పోగొట్టుకున్న పేట, వేలమంది వచ్చే మ్యాచుల్ని తనే చూసుకుంది. 1972లో ఓటేసినవాళ్లకు అంతకన్నా గట్టి జవాబు ఏముంటుంది?

బస్సులు, తనిఖీలు, రెండు పౌండ్లు

దక్షిణాది లీగు అంటే పొడవాటి ప్రయాణాలు. డబ్లిన్ రెండు వందల ముప్ఫై కిలోమీటర్లు. కార్క్ దేశానికి ఆ కొస, నాలుగు వందలు దాటుతుంది. ఆదివారం తెల్లవారకముందే బస్సులు వరసగా బయల్దేరేవి. తిరిగొచ్చేసరికి అర్ధరాత్రి దాటేది, పొద్దున్నే ఫ్యాక్టరీ. 1979 నుంచి ఐరిష్ పౌండు, బ్రిటిష్ పౌండు విలువలు వేరైపోయాయి. టికెట్టుకీ టీకీ జేబులో రెండు రకాల డబ్బు ఉండాలి.

డబ్లిన్ దారి సరిహద్దు దాటేది ఆగ్నక్లాయ్ దగ్గర. అక్కడ సైన్యం కాపలా గోపురం, తనిఖీ కేంద్రం. చారల కండువాలు కట్టుకున్న కుర్రాళ్ల బస్సు ఆపి, పేర్లు అడిగి, ఎక్కడికెళ్తున్నారని అడిగి వదిలేవారు. ఒక్కోసారి గంటలు పట్టేది. 1988 ఫిబ్రవరిలో అదే చోట గేలిక్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కు నడిచి వెళ్తున్న ఇరవై మూడేళ్ల యువకుడు గోపురంలోని సైనికుడి తుపాకీ గుండు తగిలి చనిపోయాడు. డెర్రీ అభిమానుల బస్సులు ఆ తర్వాత కూడా అదే దారిలో వెళ్లాయి. వేరే దారి లేదు మరి. ఆట చూడటానికి ఇంత మూల్యం చెల్లించిన జనం గురించి రాస్తున్నప్పుడు కప్పుల లెక్క రెండో స్థానంలోకి పోతుంది నాకు.

కప్పులు కూడా వచ్చాయి. 1986–87లో ఫస్ట్ డివిజన్ గెలిచి పై అంచెకు వెళ్లారు. తర్వాత పగ్గాలు పట్టింది జిమ్ మెక్‌లాక్‌లిన్. డెర్రీలో పుట్టి, దక్షిణాన డండాక్‌తోనూ షామ్‌రాక్ రోవర్స్‌తోనూ లీగులు గెలిచి, దేశంలోకెల్లా గొప్ప మేనేజర్ అనిపించుకుని, ఇంటికి తిరిగొచ్చినవాడు. ఆయన చేతిలో 1988–89 సీజన్‌లో డెర్రీ లీగు, ఎఫ్‌ఏఐ కప్పు, లీగ్ కప్పు మూడూ కొట్టింది. ఎఫ్‌ఏఐ కప్పు ఫైనల్లో ప్రత్యర్థి కార్క్ సిటీ. దేశానికి ఈ కొస, ఆ కొస. తొలి మ్యాచ్ గోలు లేకుండా ముగిసింది. వారం తర్వాత మళ్లీ ఆడితే ఒక్క గోలుతో తేలింది. కొట్టినవాడు ఫీలిక్స్ హీలీ, 1982 ప్రపంచకప్పుకు ఉత్తర ఐర్లండ్ జట్టుతో వెళ్లిన డెర్రీ కుర్రాడు. ఎనిమిదేళ్ల తర్వాత మేనేజర్‌గా ఇదే క్లబ్బుకు మరో లీగు తెచ్చిపెట్టినవాడూ ఆయనే.

1989 శరత్తులో బ్రాండీవెల్‌కు లిస్బన్ నుంచి బెన్‌ఫికా వచ్చింది. ఆ సీజన్‌లో యూరోపియన్ కప్పు ఫైనల్ దాకా వెళ్లిన జట్టు. డెర్రీ 2–1తో ఓడింది, లిస్బన్‌లో 4–0తో ఓడింది. గెలుపోటముల సంగతి అటుంచితే, 1965లో ఆండర్‌లెక్ట్‌కు పనికిరాదన్న మైదానంలో యూరప్ మహాజట్టు ఒకటి దిగింది. కోటగోడల మీద నుంచి, కొండవాలు నుంచి, ఎక్కడ చోటు దొరికితే అక్కడి నుంచి ఊరు చూసింది.

అంతకు ఒక్క ఏడాది ముందు, 1988లో, కప్ విన్నర్స్ కప్పులో డెర్రీకి తగిలిన ప్రత్యర్థి వేల్స్‌కు చెందిన కార్డిఫ్ సిటీ. బ్రాండీవెల్‌లో గోలు లేదు, కార్డిఫ్‌లో 4–0. ఈ మ్యాచ్ చరిత్ర పుస్తకాల్లో పెద్దగా కనబడదు. మన ధారావాహికకు మాత్రం ఇది అపురూపం. బ్రిటన్ ఏలుబడిలో ఉండి ఐర్లండ్ రిపబ్లిక్ తరఫున ఆడుతున్న క్లబ్బు ఒకవైపు, ఇంగ్లండ్ లీగులో ఆడుతూ వేల్స్ తరఫున వచ్చిన క్లబ్బు ఇంకోవైపు. రెండూ పొరుగింటి పందిట్లో పెరిగినవే.

తర్వాతి రోజులు

కొత్త ఇల్లు పూలపాన్పేం కాలేదు. హార్ప్స్‌కు డెర్రీ రాక నష్టమే. పదమూడేళ్లు తమ గేటు దగ్గర బారులు తీరిన జనం ఇంటికి వెళ్లిపోయారు. ఈ రెండు జట్ల వాయవ్య డెర్బీలో ఆ చేదు ఇంకా ఉంది. 2009లో ఆటగాళ్లతో రహస్యంగా రెండో ఒప్పందాలు చేసుకున్నారని తేలి డెర్రీని లీగు నుంచి బహిష్కరించారు. కొత్త యాజమాన్యంతో అడుగు అంచెలో మొదలుపెట్టి 2010లోనే మళ్లీ పైకొచ్చారు. ఈసారి తప్పు క్లబ్బుదే, శిక్షా న్యాయమే.

లిన్‌ఫీల్డ్ మాత్రం మళ్లీ వచ్చింది. ఉత్తర, దక్షిణాది క్లబ్బులు కలిసి ఆడిన సెటాంటా కప్పు పుణ్యమా అని 2005 ఫిబ్రవరిలో, ముప్ఫై ఆరేళ్ల తర్వాత, బ్రాండీవెల్‌లో నీలం చొక్కాలు కనబడ్డాయి. అభిమానులు వచ్చారు, చూశారు, క్షేమంగా వెళ్లారు. బెల్‌ఫాస్ట్ శాంతి ఒప్పందానికి అప్పటికి ఏడేళ్లు.

ఒక చిక్కు మాత్రం తీరలేదు. డెర్రీ యువకుడు పుట్టుకతో ఉత్తర ఐర్లండ్‌వాడు, ఆడే లీగు దక్షిణాదిది. దేశం తరఫున ఏ చొక్కా వేసుకోవాలి? 2010లో అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం రిపబ్లిక్‌ను ఎంచుకునే హక్కు ఉందని తీర్పు చెప్పింది. డెర్రీ సిటీ నుంచి 2011లో సండర్‌లండ్‌కు వెళ్లిన జేమ్స్ మెక్‌లీన్ అలాగే దక్షిణాన్ని ఎంచుకున్నాడు. ఇంట్లోనూ వీధిలోనూ దాని మీద వాదనలు నడిచాయి, నడుస్తున్నాయి.

2017లో బ్రాండీవెల్ మరమ్మతులకు మూసేస్తే క్లబ్బు సొంత మ్యాచులు సరిహద్దు అవతల డోనెగల్‌లోని బంక్రానాలో ఆడింది. ఈసారి ఎవరూ వెళ్లగొట్టలేదు, ఎవరినీ ఓటు అడగలేదు. ఆ మార్చిలోనే కెప్టెన్ రయన్ మెక్‌బ్రైడ్ ఇరవై ఏడేళ్లకే హఠాత్తుగా కన్నుమూశాడు. మైదానం పక్క వీధిలో పెరిగినవాడు. కొత్త స్టేడియానికి అతని పేరే పెట్టారు. 2022 ఎఫ్‌ఏఐ కప్పు ఫైనల్లో డెర్రీ షెల్‌బోర్న్‌ను 4–0తో ఓడించింది.

డెర్రీ దక్షిణానికి వెళ్లింది పాత ఇంట్లో చోటు లేక. 1992లో వేల్స్‌లో దీనికి సరిగ్గా తలకిందుల కథ నడిచింది. వేల్స్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి ఆలన్ ఎవాన్స్ దేశానికి సొంత లీగు పెట్టి, ఇంగ్లండ్ కింది అంచెల్లో ఆడుతున్న వేల్స్ క్లబ్బుల్ని ఇంటికి రమ్మన్నాడు. ఎనిమిది క్లబ్బులు రామని ఎదురు తిరిగాయి. అయితే వాటిని వేల్స్‌లో ఆడనివ్వనని సంఘం అంది. న్యూపోర్ట్ జట్టు సొంత మ్యాచుల కోసం ఇంగ్లండ్‌లోని గ్లాస్టర్ ప్రాంతానికి పోవాల్సి వచ్చింది. విషయం చివరికి హైకోర్టుకెక్కింది. కార్డిఫ్, స్వాన్సీ లాంటి పెద్దవాళ్లను ముట్టుకోకుండా చిన్నవాళ్ల మీదే ఎందుకు పడ్డారు, కోర్టులో క్లబ్బులు ఏ వాదన గెలిచాయి, గెలిచాక ఎవరు ఎటు వెళ్లారు – అదంతా వచ్చే భాగంలో.